విస్తరి ముందు నుంచి లేవకు

చిరంజీవి మనవడికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న సంక్రాంతికి నువ్వు విస్తరి ముందు నుంచి లేచిపోయావు. మీ మావయ్య ఒక పార్టీని వెనకేసుకొచ్చాడు, నువ్వు ఇంకో పార్టీని. మాటామాటా పెరిగింది. కలిపిన పప్పన్నం అలాగే వదిలేసి వీధిలోకి వెళ్లావు. ఆ పూట మీ మావయ్య కూడా సరిగ్గా తినలేదు. తప్పు ఎవరిదో తేల్చడానికి ఈ ఉత్తరం రాయడంలేదు నాన్నా. నీకు 18 ఏళ్లు నిండాయి, ఓటు వచ్చింది. మా రోజుల్లో 21 నిండాల్సి ఉండేది, 1989లో తగ్గించారు. వయసు రాగానే ఓటు వస్తుంది. అభిప్రాయం అంత సులువుగా రాదు. దానికి ఏదో ఒకటి మన చేతినుంచి ఖర్చు కావాలి. డెబ్బై ఏళ్లు దాటాక నాకు అర్థమైంది ఇదే.

నువ్వు పుట్టకముందు సంగతి. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊరూరా రాత్రిబడులు. నేనూ లాంతరు పెట్టుకుని పాతికమంది ఆడవాళ్లకు పలక మీద అక్షరాలు దిద్దించాను. పగలంతా నాట్లకూ కలుపులకూ వెళ్లి, రాత్రి వంట ముగించుకుని వచ్చేవాళ్లు. కునికిపాట్లు పడుతూనే దిద్దేవాళ్లు. మా రాత్రిబడి వాచకంలో, తాగుడు వల్ల కొంప కూలిన ఒక ఇల్లాలి కథ ఉండేది. ఆ పాఠం రోజు ఎవరికీ నిద్ర రాలేదు. అది తమ ఇంటి కథే. మా ఊళ్లో తాగే నీళ్లకు దిక్కులేదు, సారా కొట్టు మాత్రం ఎలా వచ్చిందమ్మా అని ఒకావిడ నన్ను నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు.

దూబగుంట అనే ఊళ్లో ఆ ప్రశ్న బడిలోనే ఆగిపోలేదు. రోశమ్మా, తోటి ఆడవాళ్లూ కలిసి తమ ఊరి సారా కొట్టు మూయించారు. ఆ కబురు విని చుట్టుపక్కల ఊళ్లు కదిలాయి. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. ఎండలో కూర్చున్నారు, కూలి పోగొట్టుకున్నారు. ఇంటికి వెళ్తే మొగుళ్ల చేత తన్నులు తిన్నవాళ్లూ ఉన్నారు. అయినా పక్కన కూర్చున్న మనిషిది ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో మద్య నిషేధమే పెద్ద వాగ్దానమైంది. 1995 జనవరిలో అదీ అమలయింది.

1997లో ఆ నిషేధం సడలించారు. ఆ రోజు నేను చాలా బాధపడ్డాను. కానీ ఒకటి తెలుసుకున్నాను. ఒకసారి గెలిచాం కదా అని ఇంటికి వచ్చి కూర్చుంటే, సాధించుకున్నది చేతిలో నిలవదు. ఐదేళ్లకోసారి ఓటు వేసి ఊరుకోవడం చాలదని అందుకే అంటాను.

మన జిల్లాలోనే అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి విన్నావు కదా. పేరు చివరి కులం తోకను ఆయన తీసేసుకున్నారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. మీ తాతయ్య సుందరయ్య గారి పార్టీకి ఏనాడూ ఓటు వేయలేదు. అయినా ఆయన పేరు వస్తే కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు. చెప్పిన మాటకు ఆయన తన బతుకులోంచి చెల్లించారు కాబట్టి ఆ గౌరవం.

నువ్వు కట్నం తప్పని ఫోనులో రాసింది మీ అమ్మ చదివి వినిపించింది. సంతోషించాను. కట్నం నేరమని 1961లోనే చట్టం చేశారు నాన్నా; ఆ మాట రాయడానికి ఇప్పుడు ధైర్యం అక్కర్లేదు. రేపు నీ పెళ్లి మాటల్లో, పెద్దవాళ్లందరూ చాప మీద కూర్చున్నప్పుడు నోరు తెరిచి చెప్పు. అప్పుడది నీ అభిప్రాయం అవుతుంది. ఓటుకు డబ్బు పంచడం గురించి కూడా తిట్టావట. మన గుమ్మంలోకి కవరు వచ్చిన రోజు, వద్దని చెప్పి పంపించు. ఒక్క కవరు తీసుకుంటే ఐదేళ్లు అడిగే నోరు పోతుంది.

ఫోనులో ఏదైనా వస్తే పదిమందికీ పంపేముందు, దీన్ని కళ్లారా చూసింది ఎవరని ఒక్కసారి అడుగు. సెలవులకు వచ్చినప్పుడు గ్రామసభ జరుగుతుంటే వెళ్లి కూర్చో. మన వీధి కాలువకు ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఢిల్లీ గురించి గంటసేపు మాట్లాడే మనకు మన వీధి లెక్క తెలియకపోతే ఎలా?

ఇక మీ మావయ్య సంగతి. వాడు చెప్పేవన్నీ నాకూ నచ్చవు. అయితే 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు, మోకాళ్ల లోతు నీళ్లలో అన్నం పొట్లాలు మోసుకెళ్లింది వాడే. అవతలి పార్టీ వాళ్ల ఇళ్లకూ ఇచ్చి వచ్చాడు. వారం రోజులు జ్వరంతో పడుకున్నాడు. అలాంటి మనిషిని నువ్వు ఆ రోజు పార్టీకి అమ్ముడుపోయాడన్నావు. వాడి ఆలోచన తప్పనిపిస్తే తప్పని చెప్పు, ఎందుకు తప్పో కూడా చెప్పు. మనిషికి మాత్రం వెల కట్టకు. పార్టీలు ఇవాళ తిట్టుకుంటాయి, రేపు చేతులు కలుపుతాయి. నీ పెళ్లికి మేనమామ హోదాలో పీటల దగ్గర నిలబడేది ఆ నాయకులెవరూ కాదు, మీ మావయ్యే.

ఈ ఉత్తరం అందగానే మావయ్యకు ఫోను చెయ్యి. చిన్నవాడివి, ముందు నువ్వే పలకరించు. ఉగాదికి తప్పకుండా రా. వాడి పక్కనే నీకు విస్తరి వేస్తాను. ఇద్దరూ ఎంతసేపైనా వాదించుకోండి, నేనూ కూర్చుని వింటాను. అన్నం తినడం పూర్తయ్యాకే లేవండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ