పరిగె ఏరుకొనుటకు సిగ్గేల?



ఇంటరు ముగించిన పిల్లలు కళాశాల మెట్లెక్కు దినములలో, ముత్తుకూరు చుట్టుపట్ల గ్రామములలోని అనేక గృహములలో రెండు ప్రశ్నలు బయలుదేరును. చదువుకొరకు సహాయమడుగుట అవమానమా? అడుగునపుడు మనమెవరమో దాచవచ్చునా?

మొదటి ప్రశ్నకు రూతు చరిత్రయే జవాబు. పొలపు అంచులను పూర్తిగా కోయక, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెనని ధర్మశాస్త్రము విధించెను. కనుక అది యజమానుడు విదిల్చిన భిక్షము కాదు, బీదలకు దేవుడేర్పరచిన హక్కు. అయినను పరిగె తానై ఇంటికి నడచిరాదు. రూతు లేచి పొలమునకు వెళ్లవలసివచ్చెను, నడుము వంచవలసివచ్చెను.

మన రాష్ట్రములో ప్రభుత్వము చెల్లించు కళాశాల ఫీజులును ఉపకారవేతనములును అట్టి పరిగెయే. కూలివాడు సబ్బు కొన్నను పన్ను కట్టుచున్నాడు. ఆ ధనములో అతని చెమటయు ఉన్నది. అయితే ఇక్కడను నడుము వంచవలెను. తహసీల్దారు కార్యాలయమునుండి ఆదాయ, కుల ధ్రువపత్రములు తెచ్చుకొనవలెను. పదవ తరగతి పత్రములోని పేరును ఆధార్‌లోని పేరును ఒక్కటిగా నుండునట్లు ముందే సరిచూచుకొనవలెను. బ్యాంకు ఖాతా తెరచి, కళాశాల ద్వారా జ్ఞానభూమిలో గడువులోపల దరఖాస్తు పెట్టవలెను. సిగ్గుచేత ఆలస్యము చేసిన తండ్రి, తన బిడ్డ వంతు పరిగెను పొలములోనే విడిచివచ్చినవాడగును.

రెండవ ప్రశ్న కఠినమైనది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారికిని వారి సంతతికిని బి.సి.-సి పత్రము లభించును. దాని రిజర్వేషను 1 శాతము మాత్రమే. కావున కొందరు ఆదివారము ఆలయములో కూర్చుండి, సోమవారము దరఖాస్తులో హిందువులమని వ్రాయుచున్నారు.

వారి మాట మనము ఓర్పుతో వినవలెను. "బాప్తిస్మము పొందినంత మాత్రాన మా పేదరికము పోయెనా? ఊరివారు మమ్మును వేరుగా చూచుట మానిరా?" అని వారడుగుదురు. పోలేదు, మానలేదు. ఈ నియమము మనకు భారమైనదే. దానిని మార్చుమని బహిరంగముగా విన్నపములు చేయుదము. అట్టి విన్నపములున్నందుననే 2022లో కేంద్ర ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించెను. అయితే అన్యాయపు నియమమునకు మందు, పదునెనిమిదేండ్ల బిడ్డచేత అబద్ధముపై సంతకము చేయించుట కాదు. అబద్ధపు పత్రములను రద్దుచేసి శిక్షించుటకు మన రాష్ట్రములో 1993 నాటి చట్టమున్నది. 2024 నవంబరులో పుదుచ్చేరి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసమును ఆచరించుచు ఉద్యోగముకొరకు హిందువునని చెప్పుకొనుట చెల్లదని తీర్పు చెప్పెను. చదువు నిలబెట్టిన అబద్ధమే రేపు ఉద్యోగమును కూల్చవచ్చును.

మన తీరములోని బకింగ్‌హాం కాలువ ఒక సంగతిని జ్ఞాపకము చేయుచున్నది. 1876-78 నాటి ఘోర క్షామములో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి యిప్పించెను. వేలమంది బాప్తిస్మమడిగినను, అన్నముకొరకు క్రీస్తు నామమును ధరించుచున్నారను అనుమానము కలుగకుండునట్లు క్షామకాలమంతయు బాప్తిస్మములు ఆపెను. ఆ ఆపుదల తీరిన పిమ్మట, 1878 జూలై 3న, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నముకొరకు ఆ నామమును ధరించుట తగదని ఆనాడు తలంచినయెడల, ఫీజుకొరకు దానిని దాచుట ఈనాడు తగునా?

రూతు మోయాబీయురాలని పొలములోని పనివారందరికిని తెలియును. ఆమె తన్ను దాచుకొనలేదు. బోయజు ఎదుటను తాను పరదేశినని ఒప్పుకొనెను. ఆ సత్యము ఆమె వడిని ఖాళీగా పంపలేదు. అయితే బోయజు ఏమి చేసెనో మరువరాదు. ఆమె యేరుకొనునట్లు పిడికెళ్లు కావలెనని పడవేయుడని పనివారికి ఆజ్ఞాపించెను.

ఇచ్చట భారము సంఘముపై పడుచున్నది. నిజము వ్రాసిన బిడ్డకు ఫీజు తక్కువపడినయెడల, ఆ లోటును ఎవరు పూడ్చవలెను? "సత్యము పలుకుము" అని బోధించి, దాని వెలను కూలివాని బిడ్డ ఒక్కతెయే చెల్లించునట్లు విడుచుట బోధ కాదు. చదివి ఉద్యోగములలో స్థిరపడినవారు కానుకలో కొంత ప్రత్యేకించుదురు గాక. అక్షరములెరిగిన యౌవనస్థులు దరఖాస్తులు నింపిపెట్టుదురు గాక. భయముచేత వేరుగా వ్రాసినవారిపై ఎవరును రాయి వేయకుందురు గాక.

పరిగెకొరకు వంగుటలో సిగ్గు లేదు. పిడికిలి విప్పని బోయజులమై యుండుటలోనే సిగ్గున్నది.