ఆమె ఏ పిల్లకి అన్నం పెట్టింది?

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు సాయంత్రం ఫోనొచ్చింది. "అమ్మ పోయిందే. పదకొండో రోజు పెద్దకర్మ. నువ్వు రాకపోతే ఎట్టా?" అని ఏడ్చింది నా స్నేహితురాలు.

దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే దానికి పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మాటొస్తది. 2004 నుంచి 2007 దాకా ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని బి.ఏ. చదివాం. నేను బి.ఇడి.లో చేరినప్పుడు, డీఎస్సీలో ఉద్యోగం వచ్చినప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు అది ఫోన్ చెయ్యకుండా లేదు. నా పెళ్లికి చీర పంపింది. తను మాత్రం రాలేదు. మా క్లాసు ఆడపిల్లల్లో ఇన్నేళ్లు నిలిచిన స్నేహం మీదేనని అందరూ అంటారు. నేనూ అట్టాగే అనుకునేదాన్ని.

మొదటి సంవత్సరం దసరాకి నన్ను వాళ్ల ఊరు తీసుకుపోయింది. బస్సు దిగి నడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు యాదవుల పిల్లవని అమ్మకి చెప్పానే. ఏమనుకోబాక. అమ్మ మంచిదే, పాతకాలం మనిషి" అంది. నేను మాట్లాడలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కలేదు. ఆ పిల్ల వెంట నడిచాను.

అప్పట్లో నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేదాన్ని. పురుగులు ఏరుకుంటా తినే అన్నం, నీళ్ల సాంబారు. ఆ ఇంట్లో వాళ్లమ్మ వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి, గోంగూర పచ్చడి పక్కన పెట్టింది. "బక్కగా ఉన్నావమ్మాయ్, ఇంకొంచెం పెట్టించుకో" అంది. తలకి నూనె రాసి జడేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇంటి మీద బెంగనుకుంది ఆమె.

రాత్రి పక్కల మీద కూర్చున్నాక అడిగింది, "మీ నాన్నకి ఎన్ని గొర్రెలున్నాయమ్మా?" అని. "నలభై" అన్నాను. మా నాన్న కూలికిపోయేవాడు. చావుకీ పెళ్లికీ డప్పు కొట్టేవాడు. ఆ డప్పు తీసేసి ఆయన ముందు నలభై గొర్రెల్ని నిలబెట్టాను. నా కన్నతండ్రిని నేనే కాదన్నాను. ఆ మూడేళ్లలో ఆ ఇంటికి ఐదుసార్లు పోయాను. పోయినప్పుడల్లా గొర్రెలు పెరిగాయి.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఆమె ప్రేమగా పెట్టిన ముద్ద నాకు పెట్టిందా, లోకంలో లేని ఆ యాదవుల పిల్లకి పెట్టిందా?

"నీకు అవమానం జరగకూడదనే చెప్పానే" అనేది నా స్నేహితురాలు. చాలాకాలం నమ్మాను. నిజం చెబితే ఏమయ్యేది? వాళ్లమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టేది. అప్పుడు తను నా పక్కన కూర్చోవాలా, లోపలికి పోవాలా? ఆ పరీక్ష తనకి రాకుండా చూసుకుంది. అబద్ధం చెప్పింది తను, మోసింది నేను. దానికి ఇది తెలిసి చేసిందని నేననను. తెలియకుండా చేసేదాన్నే కులం అంటాం.

వాళ్లమ్మకి కూడా అన్యాయమే జరిగింది. ఆమె మారదని మేమిద్దరం ముందే తీర్పు చెప్పేశాం. ఆమెకి అప్పటికి నలభై రెండేళ్లు. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం 1950లో రాజ్యాంగంతో పాటు అమల్లోకి వచ్చింది. ఆమె పుట్టింది ఆ తర్వాత పన్నెండేళ్లకి. పాతకాలం మనిషి ఎట్టా అవుతది? కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. అవీ పాతకాలమేనా? మారడానికి ఒక్క అవకాశమైనా ఇవ్వకుండా ఆమెని పంపించేశాం.

పెద్దకర్మకి పోవాలా వద్దా అని ఆలోచిస్తుంటే అంబేద్కర్ గుర్తొచ్చాడు. అమెరికా, లండన్‌లలో చదువుకుని వచ్చి 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరితే ఆయనకి ఉండటానికి ఇల్లు దొరకలేదు. పారశీ సత్రంలో పారశీ పేరుతో తలదాచుకున్నాడు. పదకొండో రోజు పారశీలు కర్రలు పట్టుకుని వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఊళ్లో ఇద్దరు స్నేహితులున్నారు. హిందూ స్నేహితుడు, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. బ్రాహ్మల్లోంచి క్రైస్తవంలో కలిసిన స్నేహితుడు, మా ఆవిణ్ణి అడగాలన్నాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్న సంగతి ఇది. ఇద్దరూ చెడ్డవాళ్లని ఆయన రాయలేదు. ఇద్దరి ఇళ్లలోనూ చోటు మాత్రం లేదు.

ఆయనకే ఇంకో స్నేహితుడున్నాడు. కొలంబియాలో చదివేటప్పటి నవల్ భతేనా. ఆయనా పారశీయే. 1920లో అంబేద్కర్ ఆగిపోయిన చదువు కోసం మళ్లీ లండన్ పోతుంటే అప్పుగా డబ్బు సర్దాడు. ఆ స్నేహానికి దొంగపేరు అవసరం పడలేదు. సత్రంలోంచి గెంటిందీ పారశీలే, చదువుకి నిలబడిందీ పారశీయే. కాబట్టి వేరే కులమోళ్లతో స్నేహమే కుదరదని నేను చెప్పడం లేదు. మన పేరుతో మనల్ని ఇంట్లోకి పిలుస్తారా అన్నదే లెక్క.

2022లో మా బ్యాచ్ వాళ్లంతా కలిశారు. "మన క్లాసులో కులమే లేదు" అని ఒకాయన మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వెళ్లేటప్పుడు అందరూ "టచ్‌లో ఉండండి" అన్నారు. అంటరానోళ్లం కదా, ఆ టచ్ అనే మాట చెవిలో గుచ్చుకుంది.

ఆ రోజు నా హాస్టలు గదిలోని ఏడుగురిలో ఒక్కతీ రాలేదు. వాళ్లని ఎవరూ పిలవలేదు. ఇద్దరు రెండో సంవత్సరంలోనే పెళ్లిళ్లయి మానేశారు. ఒకతి ఫీజు కట్టలేక మిరపకాయల కోతకి పోయింది. పరీక్ష రాయనోళ్లు బ్యాచ్ లెక్కలోకి రారు. వాళ్ల నంబర్లు నా దగ్గరా లేవు. ఒకే కంచంలో తిన్నాం, ఒకే దుప్పటి కప్పుకున్నాం. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి వెతకలేదు. నా కులాన్ని దాచిన స్నేహాన్ని జాగ్రత్తగా దాచుకున్నాను, నా కులపు పిల్లల్ని పారేసుకున్నాను. నా స్నేహితురాలిని అడగబోయే ముందు ఇది నన్ను నేను అడుక్కోవాలి.

పెద్దకర్మకి పోయాను. ఫొటోకి దండం పెట్టాను. నిజంగానే ఏడ్చాను. వాళ్లన్నయ్య నన్ను బంధువులకి చూపించి, "యాదవుల అమ్మాయి, టీచరు. అమ్మకి కూతురులాంటిది" అన్నాడు. నా స్నేహితురాలు తల దించుకుంది.

దాన్ని పెరట్లో బావి దగ్గరికి పిలిచాను. "ఇప్పటికైనా మీవాళ్లకి చెప్పవే" అన్నాను.

"ఇంతమందిలోనా? అమ్మే పోయింది. ఇప్పుడు చెబితే ఏమొస్తదే?"

"నాకు మా నాన్న వస్తాడు."

అది మాట్లాడలేదు. చావింట్లో నేను రచ్చ చెయ్యదలచుకోలేదు. భోజనానికి కూర్చోకుండా బయల్దేరాను. "ఇంకోసారి ఈ ఇంటికి వస్తే నా పేరుతోనే వస్తా. ముందు నువ్వు మా పల్లెకి రా, మా అమ్మ చేతి కూడు తిను" అని చెప్పాను. ఆ తర్వాత దాని దగ్గర్నుంచి ఫోను లేదు. నేను తప్పు చేశానా అని కొన్ని రాత్రులు అనిపిస్తది. దాని మీద నాకు ప్రేమ పోలేదు. ప్రేమ ఉంది గనకే అడిగాను. ఒకే బెంచీ మీద కూర్చుంటే క్లాస్‌మేట్లవుతాం. స్నేహానికి మాత్రం రెండిళ్లూ తెరిచి ఉండాలి.

మా అమ్మకి కూడా ఇన్నేళ్లూ అబద్ధమే చెప్పాను. "మీ సావాసగత్తె మనింటికి ఎప్పుడొస్తదే?" అని అడిగేది. పరీక్షలన్నాను, అత్తగారు పంపదన్నాను, పిల్లలకి బాగాలేదన్నాను. ఆ ఇంట్లో గొర్రెలు, ఈ ఇంట్లో పరీక్షలు. పెద్దకర్మ నుంచి వచ్చిన రాత్రి అమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. గొర్రెల సంగతి కూడా చెప్పాను. నాన్న లేడు, బతికుంటే ఏమనేవాడో.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలవదా? వాళ్ల చేలల్లోనేగా నేను చేసింది" అంది. మళ్లీ తనే, "మిరక్కాయలకి పోయిన పిల్ల ఏ ఊరే?" అని అడిగింది.

ఊరి పేరు నాకు గుర్తుంది. వచ్చే ఆదివారం ఇద్దరం పోతున్నాం.