కట్ట మధ్యలో తల ఎత్తకు

అమ్మడూ,

సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులుండి వెళ్లావు. ఆ నాలుగు రోజుల్లో నీ ల్యాప్‌టాప్ మూత పూర్తిగా పడగా నేను చూడలేదు. ముగ్గు సగంలో వదిలి లేచావు. తుంచిన అరిసె ముక్క చేతిలోనే ఉండగా ఫోను తీశావు. నిన్ను తప్పుపట్టడానికి ఈ మాటలు రాయడం లేదు. నీ ఉద్యోగంలో ఒత్తిడి ఎంతో నీకే తెలుసు. నా మనసు కలుక్కుమన్నది భోగి రాత్రి నువ్వు ఆ పుస్తకం చూపించినప్పుడు. రోజు పనుల ప్లాను కోసం గంటగంటకూ గడులు గీసి, రంగురంగుల స్టిక్కర్లు అంటించి ఉన్న పుస్తకం. మూడు పేజీలు నిండుగా, నాలుగోది సగం, ఆపైన అన్నీ ఖాళీ. "ఇది కూడా నావల్ల కాలేదు పెద్దమ్మా, నాలోనే ఏదో లోపం ఉంది" అన్నావు. అప్పుడు నీ పక్కన చిన్నపిల్లలు ఉన్నారని ఊరుకున్నాను.

నీలో ఏ లోపమూ లేదు తల్లీ. ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్టు నీకు బిగుతైతే ఒంటిని తిట్టుకుంటామా?

నేను 1981లో బ్యాంకులో చేరాను. తెనాలి బ్రాంచి. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఒక్కో సేవింగ్స్ లెడ్జరు ఏడాది పిల్లంత బరువుండేది. పగలంతా వోచర్లు లెడ్జర్లలోకి ఎక్కించడం, సాయంత్రం టాలీ చూసుకోవడం. తేడా వస్తే అది దొరికేదాకా కుర్చీలోంచి కదిలేది లేదు. పాత గుమాస్తాలు మొదటి వారంలోనే మాకొక కిటుకు నేర్పారు. వచ్చిన తేడా 9తో శేషం లేకుండా తెగితే, ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 540 వేయాల్సిన చోట 450 వేస్తే తేడా 90. 72కి బదులు 27 వేస్తే 45. నా తేడాలు ఎక్కువగా ఇలాంటివే.

ఒక డిసెంబరులో లెక్కలు ముగించేటప్పుడు 27 రూపాయలు తేడా వచ్చింది. మూడు రాత్రులు పది దాటేదాకా కూర్చుని వెతికాను. మీ అన్నయ్య అప్పటికి రెండేళ్లవాడు, జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. నేను వెళ్లేసరికి నిద్రపోయేవాడు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి లెడ్జరు తెరిస్తే పది నిమిషాల్లో దొరికింది. 63 ఉండాల్సిన చోట నా చేత్తోనే 36 వేశాను. ఆ పేజీని మూడు రాత్రులూ చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, తల పనిచేయలేదు.

ఆ తర్వాత ఒక నెల రోజులు, నా తప్పు దొరికినప్పుడల్లా అది ఏ గంటలో రాసిందో చిన్న పుస్తకంలో వేసుకున్నాను. నెలాఖరున చూస్తే ఎక్కువ తప్పులు మధ్యాహ్నం మూడు దాటాకే. దాంతో కౌంటరు సాగనిచ్చినంతవరకూ ఎక్కించే పని భోజనానికి ముందే ముగించడం మొదలుపెట్టాను. మూడు దాటాక వోచర్లు కుట్టే పని పెట్టుకునేదాన్ని. తారీఖు వారీగా పేర్చి, అంచులు బల్లకేసి తట్టి, దబ్బనంతో కన్నాలు పొడిచి, దారం లాగి ముడి వేయడం. అది చేతి పని, అలసిన తలను ఇబ్బంది పెట్టదు. పని గంటలు పెరగలేదు, తేడాలు మాత్రం బాగా తగ్గాయి. ఈ ఏర్పాటు నాకు సరిపోయింది. నా పక్క సీటు ఆయనకు మధ్యాహ్నమే చురుకు, ఆయన నాకు పూర్తిగా ఎదురు.

మా హెడ్ క్యాషియరు గారి సంగతి కూడా చెప్పాలి. తడి స్పాంజి గిన్నెలో వేలు అద్దుకుంటూ నోట్లు లెక్కపెట్టేవారు. వంద నోట్లు ఒక కట్ట. మధ్యలో మేనేజరు పిలిచినా తల ఎత్తేవారు కాదు. కట్ట పూర్తి చేసి, చీటీ చుట్టి, అప్పుడు "చెప్పండి సార్" అనేవారు. అది పొగరు కాదని అందరికీ తెలుసు. డెబ్బై రెండో నోటు దగ్గర తల ఎత్తితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. నీ స్క్రీన్ మీద మూలన మెసేజి వచ్చిందని ఆ చిన్న గడి వెలిగినప్పుడల్లా నువ్వు డెబ్బై రెండు దగ్గర తల ఎత్తుతున్నావు తల్లీ. సాయంత్రానికి అంత అలసట, చేసిన పని మాత్రం కనపడకపోవడం అందుకే. నీ కట్ట ఎంతో నువ్వే చూసుకో. ఇరవై నిమిషాలో, గంటో. అది ముగిసేదాకా ఫోను బోర్లా పెట్టు. ముగిశాక అందరికీ జవాబివ్వు. అరగంటలో కొంపలు మునగవు.

నువ్వు చెప్పావే, టమాటా పద్ధతి, 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. దాన్ని కనిపెట్టింది ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో చిరిల్లో, 1980ల చివర్లో, కాలేజీలో చదువుకునే రోజుల్లో. చదువు సాగడం లేదని టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు ముందు పెట్టుకుని తనను తాను పరీక్షించుకున్నాడు. మనం ఆయన దగ్గర 25 అంకె తీసుకున్నాం. తనను తాను చూసుకున్న పనిని అక్కడే వదిలేశాం. నాకు ముఖ్యమనిపించేది ఆ రెండోదే.

ఇంకొకటి. నువ్వు ప్లాను వేసేది ఒంట్లో బాగా ఉన్న రోజు, ఆదివారం సాయంత్రం, కాఫీ తాగుతూ. అది నడవాల్సిందేమో నెలసరి నొప్పితో ఉన్న మంగళవారం, లేదా అమెరికా వాళ్లతో కాల్ ఒంటిగంటదాకా సాగిన మర్నాడు. అలాంటి రోజున కూడా చేయగలిగినంతే కాగితం మీద రాసుకో. ఓపికుంటే ఇంకా చెయ్యి, ఎవరూ వద్దనరు. అంతేగానీ, రాసిందంతా కాలేదని రోజూ రాత్రి నిన్ను నువ్వు ముద్దాయిలా నిలబెట్టుకోకు.

గంటలు పెంచితే పని పెరుగుతుందనుకోవద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 55 గంటలు, అంతకు పైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు, 35 నుంచి 40 గంటలు చేసేవారికంటే 35 శాతం ఎక్కువట. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. మీ తాతయ్యకు ఆ జబ్బు వచ్చినప్పుడు మేమెలా ఉన్నామో నాకు గుర్తుంది కనుక చెబుతున్నాను.

రోజు పనిని మూసిపెట్టడం గురించి కూడా ఒక మాట. మా బ్యాంకు ఇనప్పెట్టెకు రెండు తాళాలు. ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర, రెండోది మేనేజరు దగ్గర. సాయంత్రం ఒకసారి మూశాక మర్నాడు ఇద్దరూ వస్తేనే అది తెరుచుకునేది. ఇంటికి వెళ్లే దారిలో దాని గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. నీ ఇనప్పెట్టె నీ దిండు కింద ఉంది. రాత్రి కాల్స్ నీ చేతిలో లేవు, నిజమే. కానీ రాత్రి కాల్ ఉన్న మర్నాడు పొద్దున ఆలస్యంగా మొదలుపెడతానని మీ మేనేజరుతో చెప్పడం నీ చేతిలోనే ఉంది. అడగడానికి మొహమాటపడకు. అడిగితే ఉద్యోగం పోదు, అడక్కపోతే ఆరోగ్యం పోతుంది. ఇక రోజు ముగిశాక మిగిలిన పనులు ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌లో పెట్టి మూసెయ్యి. రాసి పెట్టింది ఎక్కడికీ పోదు.

రేపటి నుంచి నెల రోజులు ఇదొక్కటి చెయ్యి. ఏ గంటలో పని చక్కగా సాగింది, ఏ గంటలో చేసింది మళ్లీ చేయాల్సి వచ్చింది, అంతే రాయి. గడులొద్దు, స్టిక్కర్లొద్దు. ఆ స్టిక్కర్ల పుస్తకం వెనక పేజీ అయినా చాలు. వచ్చే నెల ఫోను చేసినప్పుడు కొత్త యాప్ పేరు చెప్పకు, నీ మంచి గంట ఏదో చెప్పు. నేను ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ