పాట రేపే ఆర్తి దేనికి సాక్ష్యం?

కొన్ని పాటలు వింటుంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది, ఒళ్లు జలదరిస్తుంది, ఏదో కావాలనిపిస్తుంది. ఏం కావాలో మాత్రం తెలియదు. ఆ పాటే కావాలేమోనని మళ్లీ వింటాం. రెండోసారో మూడోసారో వినేసరికి, కావలసింది ఆ పాట కాదని తెలిసిపోతుంది. ఈ ఆర్తికి సరైన పేరు లేదు గానీ, దీన్ని ఎరగని మనిషి అరుదు. దీనికి అవతల నిజంగా ఏదైనా ఉందా, లేక ఇది మన నరాల్లో పుట్టి నరాల్లోనే చల్లారిపోయేదా? దేవుడున్నాడనడానికి తర్కాన్ని చూపిస్తారు, గ్రంథాలను చూపిస్తారు, ప్రవక్తల మాట చూపిస్తారు. పాట విన్నప్పుడు కలిగిన వేదనను కూడా ఆ వరసలో నిలబెట్టవచ్చా? ఈ ప్రశ్నను చిన్నతనం నుంచి విడవకుండా పట్టుకున్న రచయిత సి.ఎస్. లూయిస్. నార్నియా కథలు ఏడు, అంతరిక్ష నవలలు మూడు రాసినవాడు. ఆయన జీవితాన్ని దగ్గరగా చూస్తే నాకు తోచేది ఒకటే. సంగీతం రేపే ఆర్తి సాక్షి కాగలదు గానీ తీర్పు చెప్పలేదు. ఆ సాక్షి మాట ఎంతవరకు నమ్మవచ్చో ఒంటరిగా కూర్చుని తేల్చుకోవడం కుదరదు. దాన్ని నలుగురి ముందు నిలబెట్టాలి.

లూయిస్ 1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. పదేళ్లు నిండకముందే, 1908లో, తల్లి కాన్సర్‌తో పోయింది. ఆ వెంటనే పిల్లవాణ్ణి ఇంగ్లండ్‌లో హాస్టలు బడికి పంపేశారు. 1911 ప్రాంతంలో, మరో బడిలో ఉండగా, ఒక పత్రికలో కొన్ని మాటలు, పక్కనే ఆర్థర్ రాక్‌హామ్ వేసిన బొమ్మ ఆయన కంటబడ్డాయి. ‘సీగ్‌ఫ్రీడ్, దేవతల సంధ్య’ అని ఆ మాటలకు అర్థం. సీగ్‌ఫ్రీడ్ ఎవరో ఆ కుర్రవాడికి తెలియదు. దేవతల సంధ్య అంటే దేవతలు నివసించే మసక వెలుతురు కాబోలు అనుకున్నాడు. అయినా ఉత్తరదేశపు విశాలమైన చల్లని ఆకాశం ఒక్కసారి తన మీద వాలినట్టయిందని తర్వాత రాసుకున్నాడు. ఆ కథకు సంగీతం కట్టిన వాగ్నర్ స్వరం అప్పటికి ఒక్కటి కూడా వినలేదు. గ్రామఫోను పత్రికలో వచ్చిన కథాసంగ్రహాలు చదివి, ఆ కథ మీద తనే పద్యకావ్యం మొదలుపెట్టాడు. వాగ్నర్ రికార్డు చెవినపడింది ఆ తర్వాతే. రాక్‌హామ్ బొమ్మల పుస్తకం చవక ప్రతి ధర 15 షిల్లింగులు. అందులో సగం అన్న వారెన్ ఇచ్చాడు. చర్చి మీద నమ్మకం పోయింది కూడా ఈ బడిలో ఉండగానే. అంటే దేవుడు చేయి జారిన రోజుల్లోనే, తాను నమ్మని దేవతల కథ, వాళ్ల సంగీతం ఆయనలో తీరని దాహాన్ని లేపాయి. లూయిస్ దానికి ఆనందం అని పేరు పెట్టాడు. కానీ మనం మామూలుగా ఆనందం అనేదానికి అది దూరం. తృప్తి కన్నా కొరత అందులో ఎక్కువ. తీరిపోవడం కన్నా తీరకపోవడమే తియ్యగా ఉండే కోరిక అది.

ఇక్కడే ఆయన ఒక గోతిలో పడ్డాడు. ఆ జలదరింపునే వెతకడం మొదలుపెట్టాడు. రికార్డు పెట్టుకుని, ఇప్పుడు వస్తుందా, ఇప్పుడు వస్తుందా అని తన మనసు వంకే చూస్తూ కూర్చునేవాడు. అలా చూసిన ప్రతిసారీ అది మాయమయ్యేది. కారణం ఏళ్ల తర్వాత, 1924లో, శామ్యూల్ అలెగ్జాండర్ రాసిన తత్వశాస్త్ర గ్రంథం చదివినప్పుడు దొరికింది. ఒక వస్తువును చూడడం వేరు, చూస్తున్న మన చూపును చూడడం వేరు. రెండూ ఒకే క్షణంలో కుదరవు. కోపం వచ్చినప్పుడు మన దృష్టి కోపం మీద ఉండదు, కోపం తెప్పించినవాడి మీద ఉంటుంది. ‘నాకిప్పుడు కోపంగా ఉంది’ అని పరిశీలించుకోగానే కోపం సగం దిగిపోతుంది. ఆర్తి కూడా అంతే. దానికి ఒక దిక్కు ఉంటుంది. ఆ దిక్కుకు చూడడం మానేసి ఆర్తినే తడుముకుంటే, చేతికి మిగిలేది అది వెళ్లిపోయాక ఉండే ముద్ర మాత్రమే. సంగీతాన్ని మతానికి బదులుగా పెట్టుకున్నవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఇదేనని నా నమ్మకం. 1941 జూన్ 8న ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ మేరీ చర్చిలో చేసిన ప్రసంగంలో లూయిస్ చెప్పిన మాటల సారం కూడా ఇదే. అందం పుస్తకాల్లోనో సంగీతంలోనో కాపురం ఉందనుకుని వాటినే నమ్ముకుంటే మోసపోతాం. అది వాటిలో లేదు, వాటి గుండా వచ్చింది.

దీనికి సైన్సు వైపు నుంచి వచ్చే అభ్యంతరం చిన్నదేమీ కాదు. 2011లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు, పాట వింటే ఒళ్లు జలదరించేవాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. ఆ పరవశ క్షణంలో మెదడు లోతుల్లో డోపమైన్ విడుదలవుతోందని, ఆ క్షణం రాబోతోందని ఎదురుచూసే వ్యవధిలో కూడా వేరే భాగంలో అదే జరుగుతోందని చూపించారు. ఆకలి, కామం లాంటివి తీరినప్పుడు పనిచేసే వ్యవస్థే ఇది. మరి స్వర్గం దాకా ఎందుకు, రసాయనం చాలదా? అలెగ్జాండర్ చెప్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది. స్కానర్ చూసింది ఆర్తిని. ఆర్తి దేనికోసమో అది చూడలేదు, చూడడం దాని పనీ కాదు. అన్నం తినేటప్పుడు మెదడులో జరిగేదంతా లెక్కగట్టినా, కంచంలో అన్నం ఉందో లేదో ఆ లెక్క చెప్పదు. అయితే ఈ జవాబు ఎంతవరకు నిలుస్తుందో అంతవరకే వాడుకోవాలి. స్కానర్ దేవుణ్ణి కొట్టివేయలేదు సరే, కానీ నిలబెట్టనూ లేదు. లూయిస్ ఆకలితోనే పోల్చి వాదించాడు. ఆకలి వేసినంత మాత్రాన ఆ మనిషికి రొట్టె దొరుకుతుందని రుజువు కాదు, నడిసముద్రంలో తెప్ప మీద మాడి చనిపోవచ్చు. కానీ తిండి అనేది ఉన్న లోకంలో, తిని బతికే జాతిలో అతను పుట్టాడని ఆకలి చెబుతుంది. పోలిక అందమైనదే, కానీ తిండిని మనం ముందే చూశాం. ఈ ఆర్తి కోరే వస్తువును ఎవరూ కంచంలో చూడలేదు. కోరికే దేవుణ్ణి సృష్టించుకుందని 1927లో ఫ్రాయిడ్ రాసిన మాట అందువల్ల ఇంకా బతికే ఉంది. కాబట్టి రుజువు అనే మాట వదిలేయడమే నిజాయితీ. సాక్ష్యం అనే మాట మాత్రం వదలక్కర్లేదు.

మన ఆలంకారికులను అడిగితే ఇంకో చిక్కు చూపిస్తారు. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు రసాస్వాదాన్ని బ్రహ్మాస్వాదానికి తోబుట్టువు అన్నాడు. ఆ దృష్టిలో రసం అంటే మనసు ఒకచోట విశ్రమించడం. లూయిస్ చెప్పేదేమో విశ్రాంతి లేకపోవడం. రెండూ ఒకటేనని సర్దేయడం నాకు ఇష్టం లేదు. ఆయన అనుభవానికి మన దగ్గర అసలైన చుట్టం విరహభక్తి. ఎదుట లేనివాడి కోసం పాడే పాటలోనే వాడి ఉనికి తెలిసే స్థితి అది. భక్తి లేని సంగీతజ్ఞానం సన్మార్గం కాదని త్యాగరాజు అన్నదీ ఈ దిక్కు గురించే అనుకుంటాను.

అసలు గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. లూయిస్‌ను దేవుడి వైపు నడిపిన ఆ సంగీతమే హిట్లర్‌ను ఎటు నడిపింది? వాగ్నర్ స్వయంగా 1850లో సంగీతంలో యూదుల గురించి విషం కక్కుతూ వ్యాసం రాసినవాడు. హిట్లర్ బైరాయిట్ ఉత్సవాలకు ఏటేటా వెళ్లి పరవశంగా విన్నాడు. ఆ పరవశం నటన అని కొట్టేయడానికి లేదు. 1942లో లూయిస్ రాసిన ఒక వ్యాసం, సీగ్‌ఫ్రీడ్‌ను పక్కనపెట్టి అతణ్ణి వెన్నుపోటు పొడిచిన హాగెన్‌ను నాజీలు జాతివీరుడిగా ఎంచుకున్నారనే వార్తతో మొదలవుతుంది. తన బాల్యపు నిధిని వాళ్లు తమ సొత్తు చేసుకోవడం తనకెంత చేదుగా ఉందో అందులో దాచలేదు. అందువల్ల అనుభూతి తీవ్రత కొలబద్ద కానేకాదు. జలదరింపు నిజమైనంత మాత్రాన అది చూపించే దారి మంచిది కాదు. ఈ సంగతి లూయిస్‌కు తెలుసు. 1955లో వచ్చిన నార్నియా కథ ‘మెజీషియన్స్ నెఫ్యూ’లో సింహం పాడుతుంటే లోకం పుడుతుంది. అక్కడున్న వాళ్లందరిలోకీ ఆ పాట బాగా అర్థమైనట్టు కనిపించేది మంత్రగత్తెకే. అర్థమైంది కాబట్టే ఆమెకు ఆ పాటంటే ద్వేషం. కథలోని పిల్లవాడి మామ ఆండ్రూ మరో రకం. సింహం పాడడమేమిటి, గాండ్రింపే అయివుంటుందని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. చివరికి ఆయనకు గాండ్రింపు తప్ప ఇంకేదీ వినబడదు.

మరి కొలబద్ద ఏది? లూయిస్ జీవితం ఇచ్చే జవాబు మనుషులు. మొదటివాడు బెల్‌ఫాస్ట్‌లో వీధి అవతల ఇంట్లో ఉండే ఆర్థర్ గ్రీవ్స్. 1914లో చూడబోతే అతను మంచం మీద నార్స్ పురాణాల పుస్తకంతో కనిపించాడు. ఇది నా ఒక్కడి పిచ్చి కాదని లూయిస్‌కు తెలిసిన క్షణం అది. ఆక్స్‌ఫర్డ్‌లో మిత్రుడు టోల్కీన్ పెట్టిన బొగ్గు కొరికేవాళ్ల సంఘంలో చేరి ఐస్‌లాండ్ గాథలు మూలంలో చదివాడు. నిప్పు దగ్గర అంత దగ్గరగా కూర్చునేవాళ్లని ఆ పేరుకు అర్థం. 1931 సెప్టెంబర్ 19 రాత్రి లూయిస్, టోల్కీన్, మరో మిత్రుడు హ్యూగో డైసన్ కలిసి మోడ్లిన్ కాలేజీ తోటదారిలో నడుస్తూ పురాణం అబద్ధమా నిజమా అని మాట్లాడుకున్నారు. టోల్కీన్ ఇంటికి వెళ్లేసరికి మూడు దాటింది. తొమ్మిది రోజుల తర్వాత, అన్న బైకు సైడ్‌కారులో జంతుప్రదర్శనశాలకు వెళ్తున్న దారిలో, క్రీస్తు దేవుని కుమారుడని తాను నమ్ముతున్నట్టు తెలుసుకున్నాడు. ఇంక్లింగ్స్ అనే మిత్రబృందం గురువారం రాత్రులు ఆయన గదుల్లో కూడి, రాసింది చదివి వినిపించుకుని, మొహమాటం లేకుండా తప్పులు పట్టేది. ఓవెన్ బార్‌ఫీల్డ్ అయితే ఏళ్ల తరబడి ఆయనతో విభేదిస్తూనే ప్రాణస్నేహితుడిగా ఉన్నాడు. ఒకే అభిరుచి ఉన్నవాళ్లు ఒకరినొకరు మెచ్చుకుంటే అది పరీక్ష ఎలా అవుతుందని అడగవచ్చు. నిజమే. ఆ బృందంలో ఒక్క స్త్రీ కూడా సభ్యురాలు కాదు. అది లోటే. మన ఆర్తిని మన అభిరుచి లేనివాళ్ల ముందు నిలబెట్టినప్పుడే అసలు పరీక్ష.

ఆ పరీక్ష లూయిస్‌కు చర్చి బెంచీ మీద ఎదురైంది. అక్కడి కీర్తనలంటే ఆయనకు చిన్నచూపు, కవిత్వమూ సంగీతమూ రెండూ నాసిరకమని తీసిపారేసేవాడు. అలాంటిచోటే, ఎదుటి బెంచీలో పక్కలకు ఎలాస్టిక్ ఉన్న బూట్లు వేసుకున్న ఒక వృద్ధ భక్తుడు అవే కీర్తనలను మనసారా పాడడం చూసి, ఆ బూట్లు తుడవడానికి కూడా తాను తగనని గ్రహించానని చెప్పాడు. 1949లో చర్చి సంగీతం మీద రాసిన వ్యాసంలో, విద్వాంసుడు జనం కోసం తన అభిరుచిని వదులుకున్నప్పుడు, సంగీతం రానివాడు తనకు అర్థం కానిదాన్ని వినయంగా విన్నప్పుడు, రెండుచోట్లా దైవానుగ్రహం ఉంటుందన్నాడు. భజన మందిరంలో తాళం తప్పే గొంతుల మధ్య కూర్చున్న సంగీతజ్ఞులకు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడే పల్లె చర్చిలో పెరిగినవాళ్లకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. ఏ పాట మనల్ని ఆ ముసలాయన పక్కన కూర్చోబెడుతుందో దాని సాక్ష్యం నమ్మవచ్చు. పక్కవాణ్ణి హీనంగా చూడమని నేర్పే పరవశం ఎంత గొప్పదైనా అబద్ధపు సాక్షే.

సింహం పాడిన ఆ కథలోనే, పాటకు కాస్త ముందు ఒక చిన్న ఘట్టం ఉంది. ఏమీ లేని కటిక చీకట్లో అందరూ నిలబడి ఉంటారు. లండన్ గుర్రపుబండివాడు ఫ్రాంక్, పొద్దుపోవడానికి ఒక కీర్తన పాడుకుందామంటాడు. అతనికి బాగా నోటికొచ్చింది పంట ఇంటికి చేరినందుకు కృతజ్ఞతగా పాడేది. గడ్డిపరక కూడా మొలవని ఆ చోటికి అది కుదిరే పాట కాదు. అయినా కథలోని పిల్లలిద్దరూ గొంతు కలుపుతారు. ఆండ్రూ మామ, మంత్రగత్తె కలపరు. సింహం గొంతు వినిపించేది ఆ తర్వాతే. నార్నియాకు మొదటి రాజు అయ్యేది ఆ బండివాడు.