సగటులో నాన్న

స్టెంటు వేసిన రెండో రోజు పొద్దున ఒక పీజీ డాక్టరమ్మాయి ఫైలు పట్టుకుని వార్డులోకి వచ్చింది. గుండె జబ్బువాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎవరి ఒంట్లో ఎంత పనిచేస్తోందో చూసే పరిశోధన అట, ఆమె థీసిస్. రెండు చిన్న ట్యూబుల రక్తం ఇస్తే చాలంది. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. చదువుకునేవాళ్ళు ఏదైనా అడిగితే కాదనలేడు. కళ్ళజోడు తెప్పించుకుని కాగితం మొత్తం చదివి సంతకం పెట్టాడు. సాక్షిగా నేనూ పెట్టాను, చదవకుండానే. ఆ అమ్మాయి ట్యూబు మీద 47 అని రాస్తుంటే, "నా రోల్ నంబరా అమ్మా?" అని నవ్వాడు.

ఇంటికొచ్చాక మందుల బిల్లులు సర్దుతుంటే ఆ కాగితం జెరాక్సు కనబడింది. అందులో ఆరో పాయింటు: ఈ పరీక్షల ఫలితాలు మీకు విడిగా తెలియజేయబడవు, వాటిని బట్టి మీ చికిత్సలో మార్పు ఉండదు.

అంటే ఆ మందు మా నాన్నకి సరిగా పనిచెయ్యడం లేదన్న సంగతి ఎక్కడో ఒక ఎక్సెల్ షీటుకి తెలిసి, మాకు మాత్రం తెలియకుండా పోవచ్చు. ఇది తప్పు కాదా?

ముందు మందు సంగతి చెప్పాలి. పేరు క్లోపిడోగ్రెల్. రోజుకి 75 మిల్లీగ్రాములు, ఆస్పిరిన్‌తో కలిపి. స్టెంటు ఒంటికి పరాయి లోహం. దాని మీద ప్లేట్‌లెట్లు మూగి గడ్డకడితే తెరిచిన నాళం మళ్ళీ మూసుకుపోతుంది. అలా మూగకుండా చూడటం ఈ మందు పని. కానీ మింగేటప్పటికి అదింకా మందు కాదు. లోపలికి వెళ్ళినదాంట్లో 85 శాతం దాకా పనికిరాకుండా విరిగిపోతుంది. మిగిలిన కాస్తనీ కాలేయంలోని ఎంజైములు రెండు మెట్లలో అసలు మందుగా మారుస్తాయి. వాటిలో ముఖ్యమైనది సివైపి2సి19. దాని జన్యువు అమ్మ వైపు నుంచి ఒక కాపీ, నాన్న వైపు నుంచి ఒక కాపీ వస్తుంది. ఒకటి పనిచెయ్యనిదైతే మందు తక్కువ తయారవుతుంది, రెండూ అయితే మరీ తక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2010లోనే ఈ సంగతిని మందు సమాచారపత్రంలో గడి కట్టించి మరీ హెచ్చరికగా వేయించింది. బ్రిటన్‌లో స్థిరపడిన బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాలవాళ్ళు 44 వేలమందికి పైగా జన్యువులు చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. అందులో 57 శాతం మందికి కనీసం ఒక కాపీలో లోపం ఉంది. ఆ లెక్క మనది కాదు గానీ, మన పొరుగుదే.

ఇదంతా చదివాక కోపం ఆగలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఓపిగ్గానే మాట్లాడింది. "నా దగ్గర నంబర్లే ఉంటాయి మేడమ్. పేర్ల లిస్టు మా గైడ్ సార్ దగ్గర తాళంలో ఉంటుంది. ఒకవేళ చెప్పినా, ఆ అంకెతో మీరేం చేస్తారు?"

తప్పించుకోడానికి అన్న మాట అనుకున్నాను. కాదు. ఈ ప్రశ్నని చాలా పెద్ద ఎత్తున అడిగి చూశారు. ప్లేట్‌లెట్ పరీక్షలో మందు సరిగా పనిచెయ్యడం లేదని తేలిన 2,214 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మోతాదు రెట్టింపు ఇచ్చారు. గ్రావిటాస్ అనే ఈ ట్రయల్ 2011లో వెలువడింది. ఆర్నెల్లకి చూస్తే గుండె మరణాలు, గుండెపోట్లు, స్టెంటు మూసుకుపోవడాలు కలిపి రెండు గుంపుల్లోనూ 2.3 శాతమే. మరుసటి ఏడు ఫ్రాన్సులో 2,440 మందితో చేసిన ఆర్క్టిక్ ట్రయల్‌లో, పరీక్ష చేసి దాన్ని బట్టి మందు మార్చినా లాభం కనబడలేదు. మార్చే మందులు కూడా ఊరికే రావు. టికాగ్రెలార్ రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, కొందరికి ఆయాసం తెస్తుంది. ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ రెండింటితోనూ రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. ఒక అంకె చూసి బెదిరి మందు మారిస్తే నాన్నకి మంచే జరుగుతుందన్న హామీ లేదు.

ఇంకో కథ నా కోపాన్ని మరికాస్త తగ్గించింది. 1988లో ఐసిస్-2 అనే ట్రయల్ 17,187 మంది గుండెపోటు రోగుల మీద ఆస్పిరిన్ మహిమ తేల్చింది. మరణాలు 23 శాతం తగ్గాయి. ఇందులో ఎవరెవరికి పనిచేసిందో గుంపులుగా విడదీసి చూపించండని పత్రిక అడిగితే, పరిశోధకులు కొంటెగా రాశుల వారీగా విడదీశారు. మన జన్మరాశులు కావు, పాశ్చాత్యులు పుట్టిన తేదీని బట్టి చూసుకునేవి. మిథున, తులా రాశులవాళ్ళకి ఆస్పిరిన్ మేలు చెయ్యకపోగా కాస్త కీడే చేసినట్టు తేలింది! జనాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోస్తూ పోతే యాదృచ్ఛికం కూడా నిజంలా కనిపిస్తుందని వాళ్ళు చెప్పదలుచుకున్నది. నాకు తగిలింది వేరే: "మా నాన్న సంగతి వేరు" అన్న నా మాటలో ప్రేమ ఎంతుందో, రాశిఫలం కూడా అంతే ఉండొచ్చు.

ఇంతవరకూ ఒప్పుకున్నాక కూడా ఆరో పాయింటు నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే ప్లేట్‌లెట్ పరీక్ష ఇవాళ ఒకలా, రేపు ఒకలా రావచ్చు, జన్యువు అలా కాదు. 2020లో వచ్చిన టైలర్-పీసీఐ ట్రయల్‌లో 5,302 మంది ఉన్నారు. జన్యులోపం ఉన్నవాళ్ళలో, పరీక్ష చూసి మందు మార్చిన వైపు ఏడాదిలో 4.0 శాతం మందికి, పాత పద్ధతిలోనే ఉంచిన వైపు 5.9 శాతం మందికి ముప్పు వచ్చింది. గణాంకాల గీటురాయి మీద ఆ తేడా వెంట్రుకవాసిలో తప్పిపోయింది. పక్షవాతం రోగులకి క్లోపిడోగ్రెల్ ఇచ్చేముందు జన్యుపరీక్ష చెయ్యమని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2024లో సూచించింది. అంటే "చెప్పి ఉపయోగం లేదు" అన్న జవాబు రాతి మీద రాసింది కాదు, ఏడాదేడాదికీ మారుతోంది. కానీ ఫారంలో వాక్యం మారదు. ఆ వాక్యం "ఇప్పటికి మాకు తెలియదు" అనడం లేదు, "తెలిసినా చెప్పం" అంటోంది. రెండూ ఒకటి కాదు.

పైగా రక్తం తీసుకున్న అమ్మాయే ఆ రాత్రి డ్యూటీలో నాన్న బీపీ చూసింది. నాన్న నమ్మింది ఆ డాక్టరుని. సంతకం చేరింది పరిశోధకురాలికి. తెల్లకోటు ఒకటే, బాధ్యతలు రెండు. అందరినీ ఒకేలా లెక్కపెట్టడం ఒకటి, ఈ ఒక్క మనిషినీ చూసుకోవడం ఇంకొకటి.

ఇదంతా నాన్నతో అంటే, "నీకెందుకే అంత కోపం?" అని స్పాట్ వాల్యుయేషన్ కథ చెప్పాడు. పదో తరగతి పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. "సార్, పాస్ చెయ్యండి, లేకపోతే చదువు మానిపిస్తారు" అని ఏటా ఎవరో ఒకరు చివరి పేజీలో రాస్తారట. చూడనట్టే వదిలెయ్యాలి, ఎవరిదో తెలియకపోవడంలోనే న్యాయం ఉంది. ఒక ఏడు మాత్రం ఒక పేపర్లో, ఈ పరీక్షలయ్యాక నేనుండను, అని ఉంది. నాన్న ఒక్క మార్కు కూడా కలపలేదు. పేపరు పట్టుకుని క్యాంపు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఆ నంబరు ఎవరిదో తీయించమని కూర్చున్నాడు.

"మార్కులు మార్కులే, పిల్ల పిల్లే" అన్నాడు.

"మరి నీ నంబరు ఎవరు తీస్తారు?" అన్నాను.

"నేను కాగితం చదివే సంతకం పెట్టాను. చదవనిది నువ్వు."

దానికి నా దగ్గర జవాబు లేదు. చెప్పించుకునే హక్కుని ఆయన తెలిసే వదులుకున్నాడు. కానీ ఆయన వదులుకున్నంత మాత్రాన అవతలివాళ్ళ బాధ్యత తీరిపోదని ఇప్పటికీ అనుకుంటున్నాను. పేపరు దిద్దే మాస్టారుకి అలాంటి షరతే ఉంది, అయినా నాన్న లేచి వెళ్ళాడు. నేను కోరేది పెద్దదేం కాదు. రక్తం తీసేముందే ఫారంలో ఒక ప్రశ్న ఉండాలి: మీకు పనికొచ్చే సంగతేదైనా బయటపడితే చెప్పమంటారా, వద్దా? చెప్పమన్నవాళ్ళ నంబరు తీయడానికి ఒక మనిషి ఉండాలి. నాన్నయితే "వద్దు" అని టిక్కు పెట్టేవాడేమో. అయినా అది ఆయన పెట్టాల్సిన టిక్కు, ఆరో పాయింటు పెట్టాల్సింది కాదు.

రివ్యూకి వెళ్ళినప్పుడు జన్యుపరీక్ష మాట కార్డియాలజిస్టుని అడిగాం. ఆయన లాభనష్టాలు చెప్పి, మీ ఇష్టం అన్నాడు. నాన్న వద్దన్నాడు. ఏడాది గడిచింది, బానే ఉన్నాడు. దాన్నిబట్టి మందు పనిచేసిందని అనలేను. ఒక్కడి లెక్కతో ఏదీ తేలదని ఆయనే క్లాసులో చెప్పేవాడు. 47వ నంబరు వరసలో ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు.