సంతకం నీదే, బిడ్డా

సర్పంచ్‌గా గెలిచావని తెలిసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మేనమామనన్న చనువుతో ఒక్క సంగతి చెబుతాను, నొచ్చుకోకు.

నామినేషన్ నాటి నుంచి ఖర్చంతా భరించిన పెద్దాయన మేలు మరవకు. పండక్కి వెళ్లి పలకరించు. ఆయనింట్లో ఆపదొస్తే అందరికంటే ముందు నువ్వే ఉండు. కానీ ఆ బాకీ పంచాయతీ ఖాతాలోంచి తీర్చకు. ఆయన మొహం చూసే జనం నీకు ఓటేశారని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. కావచ్చు, కానీ ప్రమాణం చేసింది నువ్వు.

ముందు చిన్న కోరికే వస్తుంది: 'ఆ సీసీ రోడ్డు పని మావాడికి ఇప్పించమ్మా' అని. ఆ తర్వాత మినిట్స్ బుక్కులో ఖాళీ పేజీ కింద సంతకం పెట్టమంటారు, తీర్మానం మేం రాసుకుంటాంలే అంటారు. అక్కడ మాత్రం పెన్ను మూసెయ్. ఆ ఖాళీలో ఏం రాసినా రేపు నోటీసు వచ్చేది నీ పేరునే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. మీ ఉపసర్పంచ్ ఆయన మనిషే కాబట్టి, ఆపితే నువ్వే ఆపాలి.

రోడ్డు పోశాక రెండు వారాలు తడపాలి. తడపకుండా, మందం తగ్గించి పోస్తే ఒక్క వానాకాలానికే కంకర తేలుతుంది. కొలతలు రాసే ఎంబీ పుస్తకంలో మాత్రం మందం సరిగ్గానే ఉంటుంది! కాంట్రాక్టరు ఎవరి మనిషో తెలుసు గనక ఆ కొలతలు రాసే ఇంజినీరును (ఏఈని) నిలదీసేవాళ్లుండరు. నిధులు రాక ఆగిన పనులకంటే వచ్చి ఇలా పోయినవే నన్ను ఎక్కువ బాధపెడతాయి. 15వ ఆర్థిక సంఘం తన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ అని కట్టడి చేసింది. అయినా ఎస్సీ కాలనీ చివరి ఇళ్లలో బిందె నిండడం లేదంటే, పైపు ఏ వీధికి ముందు వెళ్లిందో చూడు.

ఇంకో మాట. అల్లుడు మంచివాడే, కాదనను. అయినా నీ కుర్చీలో అతన్ని కూర్చోనివ్వకు.

రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టంలోనే ఉంది. మొదటి సభకు పెద్దాయన్ని నువ్వే వెళ్లి పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టు. ఆయన ఎదుటే ప్రతి తీర్మానం, ప్రతి బిల్లు పైకి చదివించు. కార్యదర్శి మొహమాటపడితే కబురు పెట్టు, నేనొచ్చి చదువుతాను.