లోడు మీద కొలవాలి

'లోపం ఎవరిలో ఉంది?' అన్న ప్రశ్న మన ఇళ్ళలో చాలా మామూలుగా వినబడుతుంది. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లలు కలగకపోతే వినబడుతుంది. కాపురం సజావుగా సాగకపోతే వినబడుతుంది. అడిగేటప్పటికే జవాబు సిద్ధంగా ఉండటం ఈ ప్రశ్న ప్రత్యేకత. 'గొడ్రాలు' అన్న మాటకి సరిసమానంగా మగవాడిని తిట్టే మాట వాడుకలో లేకపోవటమే ఇందుకు సాక్ష్యం. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో, కొంతవరకో మగవారి వైపు ఉంటుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. వీర్యపరీక్ష చవకైనది, నొప్పి లేనిది. అయినా ముందు స్కానింగులకీ, ట్యూబుల పరీక్షలకీ వెళ్ళేది ఆమే. తేలిగ్గా చూడగలిగిన చోటు వదిలేసి బాధపెట్టి చూడవలసిన చోటుకి ముందు వెళ్తున్నామంటే, ఆ మొదటి చోట లోపం ఉండటానికి వీల్లేదని మనం ముందే తీర్మానించుకున్నామన్నమాట.

లోపాన్ని వెతకటంలో కూడా న్యాయాన్యాయాలున్నాయని నాకు కొన్నాళ్ళుగా అనిపిస్తోంది. ఎవరి మాటని లెక్కలోకి తీసుకుంటాం? ముందు ఎక్కడ చూస్తాం? ఏ పరిస్థితిలో అడుగుతాం? ఈ ఆలోచనలకి నన్ను లాక్కెళ్ళింది ఒక పాత కారు సీటు. చదివేవాళ్ళకి నవ్వు రావచ్చు. సీటు గురించి కూడా స్త్రీవాదమా అనవచ్చు. కొంచెం ఓపిక పట్టమని మనవి.

మేముండేది మిషిగన్‌లో. మావారు ముచ్చటపడి కొన్న 1988 నాటి కారు ఒకటి ఇంట్లో ఉంది. నేను ఆఫీసుకి వెళ్ళేది అందులోనే. డ్రైవరు సీటు కింద నాలుగు చిన్న మోటార్లున్నాయి. ముందుకీ వెనక్కీ జరపటానికి ఒకటి, ముందు అంచు ఎత్తటానికి ఒకటి, వెనక అంచు ఎత్తటానికి ఒకటి, వీపు వాల్చటానికి ఒకటి. చేత్తో లాగి జరుపుకునే కడ్డీ ఏదీ లేదు. విలాసం కోసం పెట్టిన ఏర్పాటే గానీ, చెడిపోయినప్పుడు దాని అర్థం మారిపోతుంది. సీటు చివరగా ఎవరు కూర్చున్నారో వాళ్ళ కొలతలో బిగుసుకుపోతుంది. మావారు ఐదడుగుల పదకొండంగుళాలు. నేను సరిగ్గా ఐదడుగులు. ఆయన కొలతలో సీటు ఆగిపోతే ఆయనకి అది 'ఎప్పుడైనా బాగుచేయించుకోవచ్చు' అనే పని. నాకు మాత్రం బ్రేకు మీద కాలు ఆనదు.

కార్ల ప్రపంచంలో ఈ కొలతకి పెద్ద చరిత్రే ఉంది. ప్రమాద పరీక్షల్లో ఎక్కువగా వాడుతూ వచ్చిన 'హైబ్రిడ్ త్రీ' బొమ్మ 1976లో జనరల్ మోటార్స్ తయారుచేసింది. సుమారు 175 సెంటీమీటర్లు, 78 కిలోల సగటు మగవాడు. తర్వాత వచ్చిన 'ఆడ' బొమ్మ అదే కుటుంబంలో కుదించిన చిన్న సైజు. అమెరికా ప్రభుత్వం కార్లకి నక్షత్రాలిచ్చే ముందు గుద్దుడు పరీక్షలో ఆ ఆడబొమ్మని 2011 మోడళ్ళ నుంచి కూర్చోబెట్టింది. అదీ పక్క సీట్లో! అదే 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, సీటుబెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లకి తీవ్రగాయాలయ్యే అవకాశం మగ డ్రైవర్లకన్నా 47 శాతం ఎక్కువని లెక్కగట్టారు. సగటు ఆడమనిషి ఆకారంలో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో ఒక బొమ్మని ఆస్ట్రిడ్ లిండర్ అనే స్వీడన్ పరిశోధకురాలి బృందం ముందుకి తెచ్చేసరికి 2022 వచ్చింది. అంతదాకా పొట్టివాళ్ళు స్టీరింగుకి దగ్గరగా జరిగి కూర్చోవటాన్ని 'ఉండవలసిన చోట ఉండకపోవటం' అనేవారు. కాళ్ళు అందక జరిగిన మనిషిది తప్పు, సీటుది కాదు!

మా సీటు సంగతికొస్తే, అది ఒక్కసారిగా ఆగిపోలేదు. కూర్చుని మీట నొక్కితే ఎక్కీఎక్కని గుర్రంబండిలా కొంచెం కదిలి ఆగేది. దిగి నిలబడి నొక్కితే జరిగేది. ముందుకీ వెనక్కీ మాత్రమే కాదు, పైకీ కిందకీ కూడా అంతే. గ్యారేజీలో నేను ఈ మాటలే చెప్పాను. అక్కడి పెద్దమనిషి మర్యాదగా విన్నాడు. కాగితం మీద 'సీటు జరగటం లేదు' అని రాసుకున్నాడు. సాయంత్రం ఫోను మావారికి చేశాడు. కరెంటు బాగానే వస్తోందనీ, 12 వోల్టులు ఉన్నాయనీ, ముందుకీ వెనక్కీ జరిపే మోటారు పోయిందనీ చెప్పాడు. పాత కారు కాబట్టి మోటారు దొరకటం కష్టమనీ, చాలా ఖర్చవుతుందనీ అన్నాడు.

"అన్ని వైపులా నీరసంగానే ఉందని చెప్పాను కదా, నాలుగు మోటార్లూ ఒకేరోజు ఎలా పోతాయి?" అన్నాను.

"నువ్వు చెప్పేదీ నిజమేలే, కానీ అతను రోజూ చేసే పని కదా" అన్నారు మావారు. ఆ 'నిజమేలే'లో ఎంత ప్రేముందో నాకు తెలుసు. అందులో నా మాటకి విలువ ఎంతో కూడా తెలుసు.

మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో ఒక పుస్తకం రాశారు. చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి, వినేవాళ్ళు తమ దురభిప్రాయం వల్ల ఆ మాటకి తక్కువ విలువ కట్టటాన్ని ఆమె ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించారు. జ్ఞానం ఇవ్వగల మనిషిగా అవతలివాళ్ళని గుర్తించకపోవటం వాళ్ళ మనిషితనాన్నే తగ్గించటమంటారు. ఆ మాట చదివినప్పుడు మనలో చాలామందికి కొత్తగా ఏమీ అనిపించదు. పేరు మాత్రమే కొత్త.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఫిర్యాదు చేసిన ప్రతి మనిషి మాటనీ అలాగే నమ్మేయాలా? ఆమె పొరబడవచ్చు కదా? పొరబడవచ్చు. అందుకే నేను రెండింటిని విడదీసి చూడాలంటాను. ఏం జరుగుతోంది, ఎప్పుడు జరుగుతోంది అన్నది అనుభవించే మనిషి సొత్తు. ఎందుకు జరుగుతోంది అన్నది వెతికి తేల్చవలసిన విషయం. 'నేను కూర్చుంటే ఆగిపోతోంది' అన్నది మొదటి రకం మాట. దాన్ని ఒప్పుకున్నంత మాత్రాన నేను చెప్పే కారణాన్ని కూడా ఒప్పుకోనక్కర్లేదు. కానీ దాన్ని కొట్టిపారేస్తే వెతకటమే తప్పుదారి పడుతుంది. ఆ గ్యారేజీ మనిషికి నైపుణ్యం తక్కువని నేననను. నాలుగు వాక్యాలు చెప్తే ఒక వాక్యం రాసుకున్నాడు. పోయిన మూడు వాక్యాల్లోనే జవాబుంది.

ఎలాగంటే, ఈ మోటార్లన్నింటికీ కరెంటు ఒకే తీగ ద్వారా వస్తుంది, ఒకే చోట కారు ఇనపబాడీకి బిగించిన తీగ ద్వారా తిరిగి వెళ్తుంది. ఒక వైపు పనిచేసి ఇంకో వైపు చేయకపోతే అనుమానం మీట మీదకి పోతుంది. మోటారు తిరుగుతున్న చప్పుడొచ్చి సీటు కదలకపోతే మోటారుకీ సీటుకీ మధ్యనున్న మెలికల తీగో పళ్ళచక్రమో పోయినట్టు. అన్నీ ఒకేసారి నీరసిస్తే అందరికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఏదో జరిగినట్టు. ఇది పెద్ద విద్యేమీ కాదు. ఒక ఇంట్లో నలుగురు కోడళ్ళకీ ఒకేరకం నీరసం వస్తే నలుగురి ఒంట్లోనూ వెతుకుతామా, ఆ ఇంటి వంటగది వైపు చూస్తామా?

మరి 12 వోల్టుల మాటేమిటి? అతను అబద్ధం చెప్పలేదు. మోటారు తీగ ఊడదీసి, ఆ కొసన మీటరు పెట్టి చూశాడు. మీటరు తీసుకునే కరెంటు దాదాపు లేనట్టే లెక్క. అంత తక్కువ కరెంటుకి తుప్పుపట్టిన బోల్టు కూడా అడ్డురాదు, ఒక్క పోగు మిగిలిన తీగ కూడా నిండు 12 వోల్టులు చూపిస్తుంది. పదో తరగతిలో అందరం బట్టీపట్టిన ఓమ్ సూత్రమే ఇది. దారిలో అర ఓము అడ్డుంటే, 10 ఆంపియర్లు పారేటప్పుడు 5 వోల్టులు అక్కడే వేడిగా పోతాయి. ఏమీ పారనప్పుడు ఏమీ పోదు. అందుకే మోటారు పనిచేస్తుండగా, బరువు మోస్తుండగా కొలవాలి. దాన్నే లోడు మీద కొలవటమంటారు.

ఒక ఆదివారం నేను సీట్లో కూర్చుని మీట నొక్కుతుంటే మా అమ్మాయి మీటరు చదివింది. బ్యాటరీ దగ్గర 12.2. మోటారుకి అందుతున్నది 7.5. వచ్చే తీగలో పోతున్నది 0.3 మాత్రమే. మిగిలిన 4.4 వోల్టులూ తిరిగి వెళ్ళే దారిలో, 'ఎర్త్' దగ్గర పోతున్నాయి. కార్పెట్ ఎత్తి చూస్తే ఏళ్ళ తరబడి బూట్లకంటిన మంచూ, రోడ్డు మీద చల్లే ఉప్పూ కరిగి దిగి, ఆ బోల్టు పచ్చగా, ఎర్రగా కుళ్ళిపోయి ఉంది. తీగబ్రష్షుతో రుద్ది బిగించాం. కొత్త మోటారు అక్కర్లేకపోయింది. వచ్చే తీగని అందరూ చూస్తారు. తిరిగి వెళ్ళే దారి గుర్తురాదు. మన భాషలో ఓర్పుకి భూదేవినే ఎందుకు ఉదాహరణ చెప్తారో ఆరోజు ఇంకోరకంగా అర్థమైంది. ఎంత తుప్పు పట్టినా ఆవిడ అడగదన్న ధీమా అది.

ఫోనులో అమ్మానాన్నలు అడుగుతారు. "బాగున్నావా తల్లీ?" అల్లుడుగారు పక్కనే కూర్చుని ఉంటారు, అత్తగారు హాల్లో ఉంటారు. "బాగానే ఉన్నా నాన్నా." నిండు 12 వోల్టులు! ఏమీ పారనప్పుడు పెట్టిన మీటరది. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చినా, నడుస్తున్నప్పుడు గుండెలో నొప్పి నిజమే కావచ్చు. అందుకే ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు. తర్వాత ఏదైనా జరిగితే మాత్రం 'అడిగినప్పుడు చెప్పలేదు' అని ఆమె మీదకే నేరం తోసేస్తాం. అడిగిన పద్ధతిని ఎవరూ అడగరు.

ఇక్కడ కారుకీ మనిషికీ తేడా ఒకటుంది, అది చిన్నది కాదు. సీటుని పరీక్షించటానికి నేను దాని మీద కూర్చోవచ్చు. మనిషి ఎంత మోయగలదో చూడటానికి ఆమె మీద బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఓర్పుని పరీక్షించే కథలు మనకిప్పటికే చాలా ఉన్నాయి, అగ్నిపరీక్షతో సహా. మనం చేయగలిగింది, బరువు ఎలాగూ ఉన్న వేళకి అక్కడ ఉండటం. పండక్కి వచ్చి భోజనం చేసి వెళ్ళే బదులు పొద్దున్న ఐదింటికి ఆ వంటగదిలో ఉండటం. రాత్రి పదకొండింటికి ఎవరు మెలకువగా ఉన్నారో చూడటం. నలుగురి మధ్య కాకుండా ఆమెని ఒంటరిగా బయటికి తీసుకెళ్ళి అడగటం. చెప్పిన నాలుగు వాక్యాలూ నాలుగుగానే రాసుకోవటం.

ఇదంతా చేశాక కూడా లోపం ఆమెలోనే ఉందని తేలవచ్చు. మోటార్లు నిజంగానే పోతాయి. తేలితే తేలనివ్వండి. వెతికి తేల్చిన లోపానికి మరమ్మతు ఉంటుంది. వెతక్కుండా అంటగట్టిన లోపానికి మార్చెయ్యటం తప్ప ఇంకో ఉపాయం తోచదు. మన ఊళ్ళలో పిల్లలు కలగలేదని కోడలినే మార్చేసిన ఇళ్ళు మీకూ ఒకటో రెండో తెలిసే ఉంటాయి. ఆ ఇళ్ళలో రెండో కోడలికి కూడా పిల్లలు కలగనప్పుడు, మొదటామె దగ్గరికి వెళ్ళి ఎవరైనా ఒక్క మాట చెప్పివచ్చారా?